తెల్ల మందారానికి క్రాసింగ్

మా ఓనరమ్మ పూజకు పువ్వులు కోసుకుందామని పొద్దున్నే మెట్లు దిగి వచ్చేసరికి ఆమె తెల్ల మందారం చెట్టుకు ఒక్క పువ్వు కూడా లేదు. పువ్వులు విచ్చాల్సిన చోటల్లా సన్నటి కాడలు బోడిగా నిలబడి ఉన్నాయి. ప్రతి కాడకూ ఒక ఎర్ర దారం ముడి ఉంది. ఆ దారం నా కుట్టుమిషన్ మీది రీలుదే. కాబట్టి దొంగను పట్టడానికి పోలీసులను పిలవాల్సిన అవసరం పడలేదు. దొంగ మా అరుగు మీదే కాళ్లు చాపుకుని కూర్చుని, ఎంతో పని చేసి వచ్చిన మనిషిలా చాయ్ తాగుతోంది. ఆ దొంగ మా అమ్మ.

జరిగింది అర్థం కావాలంటే మా అమ్మ చేతుల గురించి చెప్పాలి. మాది గద్వాల వైపు, వడ్డేపల్లికి దగ్గర్లో ఒక ఊరు. అక్కడ పత్తిని దూది కోసం కాదు, విత్తనం కోసం పండిస్తారు. సాయంత్రం పూట, మర్నాడు విచ్చబోయే మొగ్గను గోటితో చీరి, రెక్కలు తీసేసి, పుప్పొడి ఉన్న భాగాన్ని గీరి పారేస్తారు. గుర్తుకు ఎర్ర ముక్కో దారమో కడతారు. పొద్దున మగ మొక్కల పువ్వులు తెచ్చి ఆ కాడలకు రాస్తారు. దీన్నే అందరూ క్రాసింగ్ అంటారు. మా అమ్మ ఈ పని ఎన్నేళ్లు చేసిందో ఆమెకే తెలియదు. చిన్నప్పుడు ఆమె వెనకే నేనూ చేశాను, నా ఎత్తు ఆ చెట్లకు సరిగ్గా సరిపోయేది. నేను పెళ్లి చేసుకుని వనపర్తి వచ్చి జాకెట్లు కుట్టుకుంటూ మర్చిపోయాను. ఆమె చేతులు మర్చిపోలేదు. పొద్దుగూకే వేళకు మొగ్గ కనబడితే ఆ వేళ్లు వాటంతటవే లేస్తాయి.

ఈ యేడు సీజను మొదట్లోనే ఆమె చేలో జారి పడింది. గద్వాల దవాఖానలో డాక్టరు చూసి, మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాయి, నడుముకూ దెబ్బ తగిలింది, ఇంకోసారి చేలో పడితే మంచం దిగడం కష్టం అని మా తమ్ముడికి చెప్పాడు. తమ్ముడూ మరదలూ తెల్లారకముందే పనికి పోతారు. ఇంట్లో ఆమెను ఆపేవాళ్లు ఎవరూ ఉండరు. ఆపేవాళ్లు లేకపోతే మా అమ్మ చేనుకు పోతుంది, అందులో అనుమానమే లేదు. అందుకే మా ఆయన ఆటోలో నేనే పోయి, వద్దన్నా వినకుండా ఎత్తి కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాను. నాకు మా అమ్మ కావాలి. నడిచే అమ్మ కావాలి. మంచంలో పడుకున్న అమ్మను చూసే ధైర్యం నాకు లేదు. ఆ భయాన్ని దాచుకోవడం నాకు చేతకాదు కాబట్టి దారి పొడవునా ఆమెను తిడుతూనే వచ్చాను.

ఆమె మాత్రం వచ్చిన రోజే చెప్పేసింది. "బిడ్డ ఇంట్ల రెండు పూటలు తింటె చుట్టం. పది పూటలు తింటె సిగ్గులేనిది. నేను గీడ ఉండ." మావాళ్లలో ఆ పట్టింపు ఉంది. కొడుకు ఇంట్లో తిట్లు తింటూ అయినా ఉంటారు గానీ కూతురి ఇంట్లో పాయసం పెట్టినా ఉండరు. ప్రతి పొద్దునా తన సంచి సర్దుకుని గడప దగ్గర పెట్టేది. అందులో రెండు చీరలు, కళ్లద్దాల డబ్బా, బైబిలు, ఒక అరచెయ్యంత అద్దం. "ఇయ్యాల పోత" అని చెప్పి, ఆ సంచి పక్కనే కూర్చుని రొట్టె తినేది. నేను ఆమె చెప్పులు దాచాను. ఒకరోజు కుట్టు మధ్యలో తల ఎత్తి చూస్తే సంచీ లేదు, ఆమే లేదు. మా ఆయనకు ఫోను చేశాను. బస్టాండు ముందు ఆటోలు నడిపేవాళ్లంతా మా ఆయన దోస్తులే. వాళ్లలో ఒకతను ఆమెను గుర్తుపట్టి ఎక్కించుకొచ్చాడు. కాళ్లకు మా బాత్రూం చెప్పులున్నాయి, ఒకటి నీలం, ఒకటి ఎరుపు.

"యాడికి పోయినవే?" అన్నాను, ఏడుపూ కోపమూ కలిసి.

"గద్వాల బస్సు ఎన్నింటికున్నదో అడుగనీకె పోయిన. అడిగితె తప్పా?"

"సంచెందుకు మరి?"

"అడిగినంక బస్సు వస్తే ఇంటికొచ్చి సంచి తీస్కపోవాల్నా? రెండు తిరుగుళ్లు ఎందుకు?"

ఆటో నడిపిన అతను నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. బాత్రూం చెప్పులు కూడా ఆ రోజు నుంచి బీరువా మీదికి ఎక్కాయి. ఇంట్లో అందరం స్నానానికి వట్టి కాళ్లతోనే పోయేవాళ్లం.

అలాంటి మనిషి, చేసే పనేమీ లేక, పొద్దుగూకే వేళ ఓనరమ్మ మందారాన్ని చూసింది. పత్తి పువ్వుకూ మందారానికీ పోలిక ఉంది, మొగ్గ తీరు ఒకటే. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. ఒక్క సాయంత్రంలో చెట్టంతా క్రాసింగ్‌కు సిద్ధం చేసి పెట్టింది. పక్కనే ఉన్న ఎర్ర మందారాన్ని మగ చెట్టుగా ఎంచుకుని, దాని జోలికి మాత్రం పోలేదు.

ఓనరమ్మ పై అంతస్తులో ఒక్కతే ఉంటుంది. మంచిదే గానీ పువ్వుల దగ్గర కఠినం. అరుగు ముందు నిలబడి పువ్వుల గిన్నెను నడుముకు ఆనించి అడిగింది. "ఏందమ్మా గిది? నా దేవునికి పువ్వేది?"

"పువ్వు ఒక్క పూటది తల్లీ. కాయ నిలుస్తది" అంది మా అమ్మ, చాయ్ కింద పెట్టకుండానే.

"మందారానికి కాయేంది? నేను పుట్టినకాంచి చూడలే."

"పువ్వున్నదానికి కాయెందుకు రాదు? చేసేటోళ్లు లేక గట్లున్నది. గింత పెద్ద చెట్టు పెట్టుకోని గొడ్డుదాని లెక్క ఉంచినవ్."

నేను మధ్యలో దూరి మా అమ్మను తిట్టాను, ఓనరమ్మ కాళ్లమీద పడ్డంత పని చేశాను, ఇల్లు ఖాళీ చేయమంటుందేమోనని. ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు. ఓనరమ్మ గిన్నె పక్కన పెట్టి చెట్టు దగ్గరికి పోయింది. "కాయైతే ఎట్లుంటది?" అని అడిగింది. మా అమ్మ గోడ పట్టుకుని లేచి పోయి చూపించడం మొదలుపెట్టింది. నేను లోపలికి పోయి అన్నం చూసుకుని వచ్చేసరికి ఇద్దరూ మాట్లాడుకుని ఒప్పందానికి వచ్చేశారు. గేటు వైపు వంగిన ఒక కొమ్మ మా అమ్మది. మిగతా చెట్టంతా దేవుడిది. కొమ్మకు బదులుగా మా అమ్మ ఓనరమ్మకు బియ్యంలో రాళ్లు ఏరి పెట్టాలి.

"కొమ్మ కౌలుకు తీసుకున్న" అని రాత్రి అన్నం దగ్గర మా ఆయనకు చెప్పింది. ఆ చెప్పడంలో ఎంత గర్వం ఉందంటే మా ఆయన కూడా ముద్ద ఆపి "మంచిగయింది అత్తమ్మా" అన్నాడు. నిజమే మరి. మా వంశంలో ఎవరికీ జానెడు నేల లేదు. పుట్టిన దగ్గర్నుంచీ పరాయి చేలలో కూలికి పోయిన మనిషి. ఆమె చేతికి వచ్చిన మొదటి కౌలు ఒక మందారం కొమ్మ.

ఆ తర్వాత మా ఇంటి గడియారం ఆ కొమ్మ ప్రకారం నడిచింది. సాయంత్రం మొగ్గలు, పొద్దున పుప్పొడి. ఎర్ర మందారం పువ్వు ఒకటి తెంపి చేతిలో గొడుగులా పట్టుకుని, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, నాలుక కొద్దిగా బయటపెట్టి, ఒక్కో కాడకూ రాసేది. నా రీళ్లలో ఎర్ర దారం అయిపోయింది. ఎర్ర జాకెట్టు ఇచ్చిన ఒకావిడకు మెరూన్ దారంతో కుట్టి ఇచ్చి, ఫ్యాషన్ అని చెప్పాను. కాడలు రోజూ రాలిపోయేవి. రాలినప్పుడల్లా మా అమ్మ వాటిని తిట్టేది, మళ్లీ కొత్తవి మొదలుపెట్టేది. సంచి మాత్రం గడప దగ్గరే ఉండేది. "ఒక్క కాయ నిలవనీ. పండి పగిలిందాంక చూసి పోత" అనేది. "నిలిచినంక రాలిందనుకో, గప్పుడే బస్సెక్కుత. కాయ నిలుపలేనిదానికి కౌలెందుకు, కూడెందుకు?"

ఆ మాట విన్నప్పటి నుంచి ఆ చెట్టు మీద నాకు పుట్టిన భక్తి ఓనరమ్మకు కూడా లేదు. కుట్టు ఆపి ఆపి పోయి చూసేదాన్ని. అదృష్టం, ఒక కాడ నిలిచింది. మొదట బఠాణీ గింజంత, తర్వాత రేగుపండంత, పచ్చగా, కోలగా, ఎర్ర దారం మెడకు కట్టుకుని. మా అమ్మ రాత్రి ప్రార్థనలో దానికి కూడా చోటిచ్చింది. "ప్రభువా, కొడుకును కోడలును చల్లగ చూడు. ఆ తెల్ల మందారం కాయకు కాపలా ఉండు. ఈ పిల్లకు జర నోరు తగ్గియ్యి." ఈ పిల్ల అంటే నేను, నాకు యాభై నిండాయి. ఓనరమ్మ కూడా దీపం పెట్టినప్పుడు కాయ సంగతి దేవుడి చెవిన వేస్తున్నానని చెప్పింది. అలా ఆ కాయకు రెండు వైపుల నుంచీ రక్షణ ఉంది. కోతులు మాత్రం ఏ వైపునూ లెక్కచేయలేదు.

ఒక మధ్యాహ్నం మా అమ్మ తిని పడుకుంది. నేను జాకెట్టుకు హుక్సులు కుడుతున్నాను. గేటు మీద దబ్బుమని చప్పుడయ్యింది. బయటికి ఉరికి చూస్తే మూడు కోతులున్నాయి. ఒకటి మందారం కొమ్మ పట్టుకుని ఊగుతోంది. దాని చేతిలో ఎర్ర దారం కనబడింది. నేను చీపురు విసిరేలోపే అది కాయను కొరికి, నచ్చక ఉమ్మేసి, మిగిలింది నా కాళ్ల ముందు పారేసి గోడ దూకింది. సగం తెగిన కాయ, దారం ముడితో సహా, నా అరచేతిలో ఉంది. కొరికేది ఎటూ కొరికింది, కనీసం తినైనా తినలేదు. ఆ కోతిని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీలులేదు.

లోపల మా అమ్మ గురక వినబడుతోంది. గడప దగ్గర సంచి ఉంది. నిద్ర లేచి, చాయ్ తాగి, నేరుగా కొమ్మ దగ్గరికే వస్తుంది. బోడి కొమ్మ చూస్తుంది. ఆ పూటే బస్సెక్కుతుంది. రేపటి నుంచి చేలో వంగుతుంది. ఆ తర్వాతది ఆలోచించబుద్ధి కాలేదు. నా బుర్ర పిచ్చి వేగంతో పనిచేసింది.

మా ఆయన అప్పుడే భోజనానికి వచ్చాడు. "తిండి తర్వాత, ఆటో తియ్యి" అన్నాను. నాగర్‌కర్నూల్ రోడ్డు మీద ఊరు దాటగానే పత్తి చేలున్నాయి. ఆటో దిగి, గట్టు ఎక్కి, ముదిరిన పచ్చికాయ ఒకటి చూసి తెంపాను. తెంపానో లేదో, చేను మధ్య నుంచి ఒక రైతు లేచి నిలబడ్డాడు.

"ఓ అక్కా, ఏం జేస్తున్నవ్?"

"ఒక్క కాయనే అన్నా. మా అమ్మకు."

"మీ అమ్మ పచ్చికాయ తింటదా?"

"తినదన్నా. మందారం చెట్టుకు కట్టాలె."

ఆయన కాసేపు నన్నూ, ఆటోలో తల దించుకుని కూర్చున్న మా ఆయననూ చూశాడు. "ఎవలన్న మంత్రం చెప్పిండ్రా?" అని జాలిగా అడిగాడు. అవునన్నాను. విడమర్చి చెప్పడం కంటే అదే సులువు. ఆయన ఇంకో రెండు కాయలు కూడా తెంపి ఇచ్చి, బాగవుతుందిలే అని ధైర్యం చెప్పి పంపాడు. తిరుగుదారి పొడవునా మా ఆయన భుజాలు నవ్వుతో ఊగుతూనే ఉన్నాయి.

కాయ చుట్టూ ఉన్న ఆకులు గిల్లేసి, అదే ఎర్ర దారంతో, అదే చోట, ఊడిపోకుండా నాలుగైదు చుట్లు బిగించి కట్టాను. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. దగ్గర నుంచి చూస్తే కూడా, కళ్లు మూసుకుంటే, బాగానే ఉంది. మా అమ్మ చూపు మందగించింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. వచ్చి మిషన్ ముందు కూర్చుని, దారం ఎక్కించకుండానే తొక్కుతూ ఉన్నాను.

ఆమె లేచింది. చాయ్ తాగింది. గోడ పట్టుకుని కొమ్మ దగ్గరికి పోయింది. అదే సమయానికి ఓనరమ్మ కూడా మెట్లు దిగి వచ్చింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. మా అమ్మ కళ్లద్దాలు పైకి జరుపుకుంది, కిందికి జరుపుకుంది. కాయను రెండు వేళ్లతో పట్టుకుని తిప్పింది. వేలితో దాని గీతలు తడిమింది. ఓనరమ్మ వంగి చూసి "ఇదేంది, నిన్న గిట్ల లేదు కదా" అనబోయింది. మా అమ్మ ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది. తర్వాత ఇద్దరూ కింద చూశారు. మట్టిలో కోతి ఉమ్మేసిన ముక్కలు పడి ఉన్నాయి. వాటిని ఊడ్చాలన్న ఆలోచన నాకు రానే లేదు. మా అమ్మ తల ఎత్తి కిటికీ వైపు చూసింది. నేను మిషన్ కిందికి వంగి, పడని సూది వెతుక్కున్నాను.

"వొదినా" అంది మా అమ్మ, నాకు వినబడేంత గట్టిగా. "నీ మందారానికి పత్తికాయ కాసింది."

ఓనరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇన్నేండ్లు క్రాసింగ్ చేసిన. ఎంతమంది సేట్ల చేన్ల చేసిన. గిసొంటి క్రాసింగ్ ఎన్నడు కుదరలే. దీనికి దూది వచ్చిందాంక చూడాలె గద. ఇడిసిపెట్టి ఇప్పుడెట్ల పోత?"

నేను సూది వెతకడం ఆపేశాను. అప్పుడు ఆమె నన్ను పిలిచింది. పోయి పక్కన నిలబడ్డాను, తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా కాలి వేలితో మట్టి గీస్తూ. ఆమె కాయ సంగతి వదిలేసి ముడి వైపు చూపించింది.

"గింత బిర్రుగ కడ్తరా? చిన్నప్పుడు ఎన్ని దెబ్బలు కొట్టి నేర్పిన నీకు. గిట్ల కడితె కాడ తెగుతది. జర వదులుంచాలె. వదులుంచితె యాడికి పోదు."

ఆ చుట్లన్నీ గోటితో ఒక్కొక్కటే విప్పి మళ్లీ కట్టింది. పనిచేస్తున్నంతసేపూ ఆమె పొట్ట ఊగుతోంది. ముడి పూర్తయ్యేసరికి నవ్వు బయటపడింది, ఓనరమ్మదీ బయటపడింది, నాది ఏడుపుతో కలిసి బయటపడింది. ముగ్గురం మెట్ల మీద కూలబడి, ఒకరు ఆపితే ఒకరు మొదలుపెడుతూ నవ్వాము. గేటు దగ్గర ఆటో తుడుస్తున్న మా ఆయన, రైతు మంత్రం సంగతి కూడా అప్పుడే చెప్పి మంటలో నూనె పోశాడు. ఓనరమ్మకు పొలమారితే నీళ్లు తాగించాల్సి వచ్చింది. బీరువా మీది చెప్పులు ఆ సాయంత్రమే దించి మా అమ్మ కాళ్ల ముందు పెట్టాను. ఆమె వాటిని వేసుకుని కొమ్మ దాకా పోయి వచ్చింది, అంతే.

కాయ కొమ్మకే ఎండింది. గోధుమ రంగుకు తిరిగి, ఒక రోజు ఎండకు నోరు తెరిచింది. చిటికెడు దూది బయటికి వచ్చింది. మా అమ్మ ఆ దూదిని జాగ్రత్తగా తీసి, గింజలు వేరు చేసి, తొడ మీద పెట్టి అరచేత్తో ఒత్తి ఒక వత్తి చేసింది. ఆదివారం చర్చికి పోయి వచ్చిన చీరలోనే, మోకాళ్ల నొప్పికి ఒక్కో మెట్టూ కూర్చుంటూ పైకి పోయి, ఓనరమ్మ చేతిలో పెట్టింది. నేను కింద వాకిట్లో నిలబడి ఉన్నాను.

"గిది ఈ యేటి కౌలు. మీ దీపంల ఏస్కో" అంది. "వచ్చే యేటికి గూడ కొమ్మ నాకే ఉంచు వొదినా."

నేను ఇంట్లోకి వచ్చాను. గడప దగ్గర సంచి లేదు. అది నా సంచి తగిలించే మేకుకు వేలాడుతోంది, ఖాళీగా. ఆమె రెండు చీరలూ దండెం మీద నా చీరల మధ్య ఆరుతున్నాయి. బైబిలు మిషన్ పక్కన, నా కత్తెర మీద పెట్టి ఉంది. కూర్చుని, ఆ చీరల వైపే చూస్తూ పని అందుకున్నాను. ఆ రోజు నేను కుట్టిన జాకెట్టుకు రెండు చేతులూ ఎడమ చేతులే వచ్చాయి.